ఆర్డీ 350 ఇంజిన్ మొత్తం కొత్తగా చేయించా, బ్రేక్-ఇన్ (కొత్త ఇంజిన్‌ని అలవాటు చెయ్యడం) ఎట్టా చెయ్యాలి?

పెన్నా_గట్టు
నాయన వాడిన రాజ్‌దూత్ ఆర్డీ 350, హై టార్క్ మోడల్. చానా ఏళ్ళు షెడ్డులో గోనెపట్టాల కింద పడుండింది. ఇప్పుడు ఇంజిన్ మొత్తం విప్పించి చేయించా. క్రాంక్ రీబిల్డ్, కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు, ఆయిల్ సీళ్ళు అన్నీ మార్చాం. బోరు 0.50 ఓవర్‌సైజుకి కొట్టించి కొత్త పిస్టన్లు, రింగులు వేశాం. పోర్టులు కొంచెం క్లీన్ చేయించి, సైలెన్సర్లు తీసేసి ఎక్స్‌పాన్షన్ చాంబర్లు (పవర్ పెంచే రేసు సైలెన్సర్లు) పెట్టించా. ఇంకా స్టార్ట్ చెయ్యలా.

తలనొప్పి ఏందంటే ముగ్గురు మూడు రకాలుగా చెప్తన్నారు. మెకానిక్ ఏమో "వెయ్యి కిలోమీటర్లు 40 దాటనియ్యబాక, ఇంజిన్‌కి ఆయిల్ పోసే పంపు ఉన్నా సరే లీటరుకి 50 మిల్లీ ఆయిల్ పెట్రోల్లో కలుపు" అంటాడు. మా మామ "వారం రోజులు స్టాండు మీద ఐడిలింగులో వదిలెయ్" అంటాడు. డ్యూక్ నడిపే ఫ్రెండు ఒకడు "మొదటి రోజే ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి పీకు, లేకపోతే రింగులు కూర్చోవు, బండి జన్మలో లేవదు" అంటాడు. నెల్లూరులో ఎండ ఎట్టుందో మీకు తెలిసిందే. ఎవరి మాట వినేది?

ఖర్చెంతయిందని మాత్రం అడగబాకండి. ఇంట్లోవాళ్ళు కూడా ఇక్కడ చదువుతారు.

కావలి_బుల్లెట్_బాబాయి
మెకానిక్ చెప్పిందే రైటు. 40 దాటబాక. కొత్త రోలు కొన్నామనుకో, తెచ్చిన రోజే పచ్చడి నూరతామా? ముందు ఊక, నూక వేసి రుబ్బి పారబోస్తాం గదా. ఇంజినూ అంతే.

ఒంగోలు_గిత్త_350
బాబాయ్, రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, నువ్వు ఆ రోలునే ఉదాహరణకి తెచ్చావు 😄

పోస్టు పెట్టినాయనకి చెప్పేదేందంటే, 40 అనే అంకెకి అర్థం లేదు. ఆర్డీకి ఆరు గేర్లు. ఆరో గేర్లో 40 మీద పోనిస్తే ఇంజిన్ గుంజలేక దడదడలాడతది. అట్టా లాగించడం కొత్త క్రాంకుకీ, బిగ్ ఎండ్ బేరింగులకీ పీకడం కంటే చేటు. చూడాల్సింది స్పీడోమీటరు కాదు, ఆర్‌పీఎం మీటరు. మొదట్లో 4000, 4500 మధ్య ఆడనియ్, గేర్లు మారుస్తా ఉండు, ఒకే స్పీడులో నిలబెట్టబాక.

డ్యూక్_డొంకరోడ్డు
ఆ "పీకు" అన్న ఫ్రెండు నేనే. వాడు ఇక్కడికొచ్చి నా పరువు తీస్తాడనుకోలా.

నేనన్నదానికి కారణం ఉండాది. రింగుని గోడకి నొక్కేది రింగు స్ప్రింగు ఒక్కటే కాదు. పేలుడు ప్రెషర్ రింగు వెనక గాడిలోకి దూరి బయటికి తోస్తది. యాక్సిలరేటర్ ఇయ్యకపోతే ఆ ప్రెషర్ రాదు. బోరు గోడ మీద హోనింగ్‌తో గీసిన గీతలు కొత్తగా గరుకుగా ఉన్నప్పుడే రింగు దానికి ఒరుసుకోని సెట్ కావాలి. మెల్లగా తిప్పుకుంటా పోతే గీతలు నున్నగా అయిపోయి గ్లేజ్ పడతది. తర్వాత ఎంత పీకినా కంప్రెషన్ రాదు. వారం రోజులు స్టాండు మీద ఐడిలింగంటే అన్నిటికన్నా దరిద్రం అదే.

కావలి_బుల్లెట్_బాబాయి
నీ డ్యూక్‌కి రేడియేటర్ ఉండాది, నీళ్ళు తిరుగుతాయి. ఆర్డీకి గాలి తప్ప దిక్కులేదు. మద్రాసు దగ్గర షోలవరంలో రేసులు జరిగే రోజుల్లో మేం నెల్లూరు నుంచి బస్సెక్కి పోయేవాళ్ళం. అక్కడ ఆర్డీలు పట్టేసి (పిస్టన్ బోరులో ఇరుక్కుపోయి), వాటి మీదున్న కుర్రోళ్ళు ఎగిరి పడతంటే కళ్ళారా చూశా. నాకు చెప్పబాక.

పొదలకూరు_నిమ్మకాయ
బాబాయ్ షోలవరం మొదలెట్టాడంటే ఈ చర్చ ఈ రాత్రికి తెమలదు.

లేత్_మస్తాన్
బోర్లు కొట్టడమే నా పని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, తిట్టుకోబాకండి.

ఆర్డీ లాంటి టూ స్ట్రోక్ పట్టేసిందంటే ఊరంతా "రన్నింగ్‌లో తొందరపడ్డాడు" అంటారు. నా దగ్గరికొచ్చిన పిస్టన్లు చూస్తే సగానికి పైగా కథ వేరే ఉంటది. పిస్టన్ మీద గీతలు ఎక్కడున్నాయో చూస్తే ఎందుకు పట్టిందో అదే చెప్తది.

నాలుగు మూలలా, అంటే పిస్టన్‌ని రాడ్డుకి కలిపే గడ్జన్ పిన్నుకి అటూ ఇటూ నాలుగు చోట్ల గీతలు పడితే అది వేడి తేడా. పిస్టన్ అల్యూమినియం, బోరు స్లీవ్ పోతఇనుము. అల్యూమినియం పోతఇనుము కంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వెంటనే పీకితే పిస్టన్ ఉబ్బిపోతది, బయట స్లీవ్ ఇంకా చల్లగానే ఉంటది. పిన్ను దగ్గర లోహం మందం కాబట్టి ముందు అక్కడే ఒరుసుకుంటది. దీనికి మందు రెండే. క్లియరెన్స్ సరిగ్గా కొట్టించడం, వేడెక్కినాకే పీకడం.

ఎగ్జాస్ట్ పోర్టు వైపు మాత్రమే గీతలుంటే అది లీన్. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతోనే ఆయిల్ పోతది, పెట్రోలే లోపలి భాగాల్ని చల్లబరుస్తది. అది తగ్గితే రెండూ తగ్గినట్టే. ఇది 40లో పోయినా పట్టేస్తది, 100లో పోయినా పట్టేస్తది.

అందుకే నీ పోస్టులో నాకు భయం వేసింది 40 గురించీ కాదు, పీకడం గురించీ కాదు. ఎక్స్‌పాన్షన్ చాంబర్లు పెట్టించా అన్నావు చూడు, అక్కడ. కార్బరేటర్లో పెట్రోలు పోయే మెయిన్ జెట్లు మార్చావా? పాత సైలెన్సర్లకి సరిపోయిన జెట్లతో చాంబర్లు వేస్తే మిక్చర్ లీన్ అవుతది. ఫిల్టరు బాక్సు కూడా తీసేస్తే ఇంకా లీన్.

పెన్నా_గట్టు
మస్తానన్నా, జెట్లు మార్చలా. ఎవరూ చెప్పలా. ఫిల్టరు బాక్సు మాత్రం కంపెనీదే ఉండాది.

లేత్_మస్తాన్
అయితే స్టార్ట్ చెయ్యబాక. ముందు జెట్లు తెప్పించు. రెండు మూడు సైజులు పెద్దవి దగ్గర పెట్టుకో. పెద్దదాంతో మొదలుపెట్టి కిందికి దిగాలి. చిన్నదాంతో మొదలుపెట్టి పైకి పోదామనుకుంటే మధ్యలో పిస్టన్ పోతది.

ఇంకోటి. లీటరుకి 50 మిల్లీ కలపమన్నాడు కదా మీ మెకానిక్. ఆయిల్ ఎక్కువేస్తే ఇంజిన్‌కి మంచిదే అని అందరూ అనుకుంటారు. జెట్టులోంచి పోయేది ఒక లెక్క ప్రకారమే పోతది. దాంట్లో ఆయిల్ ఎక్కువైతే పెట్రోలు తగ్గినట్టే గదా. పైగా మిశ్రమం చిక్కబడి జెట్టులోంచి మెల్లగా పోతది. అంటే ఆయిల్ పెంచితే మిక్చర్ లీన్ అవుతది. పంపు ఎటూ పోస్తానే ఉంటది, దాని మీద 50 మిల్లీ అంటే ప్లగ్గులు నల్లబడి తడిసిపోతాయి కూడా.

రొయ్యల_గుంట_ఇంజినీరు
మస్తానన్న చెప్పిన సూత్రం నిజమే కానీ లెక్క చూద్దాం. పంపు ఆయిల్ జెట్టులోంచి పోదు, పెట్రోల్లో కలిపిందే పోతది. లీటరుకి 50 మిల్లీ అయితే మొత్తంలో ఆయిల్ 4.8 శాతం. అంటే పెట్రోలు తగ్గేది 4.8 శాతమే. జెట్టు ఒక్క సైజు మారిస్తే ఇంచుమించు ఇంతే తేడా వస్తది. కాబట్టి దీనికి అంత భయపడక్కర్లా. పంపులో గాలి బుడగుంటే మాత్రం ఇంజిన్ నిమిషాల్లో పోతది. మొదటి ట్యాంకుకి కొంచెం కలపడం ఇన్సూరెన్సు. నేనైతే కలుపుతా, లీటరుకి 20 మిల్లీ.

లేత్_మస్తాన్
లెక్క ఒప్పుకుంటన్నా. అయితే ఆ 4.8 శాతం ఒంటరిగా రాదు సార్. చాంబర్లతో కొంత, కొత్త పెట్రోలుతో కొంత, సీలు లీకయితే కొంత. అన్నీ ఒకే వైపుకి తోస్తాయి. 20 మిల్లీ అయితే నాకూ అభ్యంతరం లేదు, మొదటి ట్యాంకు వరకే.

పంపు మాట బాగా గుర్తుచేశారు. ఇంజిన్ విప్పితే ఆయిల్ లైన్లో గాలి కచ్చితంగా చేరతది. పంపు మీద బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేత్తో తిప్పే ప్లాస్టిక్ చక్రం ఉంటది, బుడగలు ఆగేదాకా దాన్ని తిప్పాలి. తర్వాత ఇంజిన్లోకి పోయే పైపుల్లో ఆయిల్ నిండిందా చూడాలి.

డ్యూక్_డొంకరోడ్డు
కొత్త పెట్రోలు అంటే ఈ20యా? దాంతో ఆర్డీకి ఏమవుతది?

రొయ్యల_గుంట_ఇంజినీరు
పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దానికి 14.7 రెట్లు గాలి కావాలి. ఎథనాల్‌కి 9 రెట్లు చాలు, దాంట్లో ఆక్సిజన్ ముందే ఉండాది కాబట్టి. 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు పాత జెట్టులోంచి పోతే లీన్ వైపే జరుగుద్ది. కొత్త బండ్లలో సెన్సర్ ఉంటది, అదే సర్దుకుంటది. ఆర్డీ కార్బరేటర్‌కి ఆ సంగతి ఎవరు చెప్తారు? ఇంకా, ఎథనాల్ నీటిని పీలుస్తది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. బండిని నెలలు నెలలు నిలబెట్టేవాళ్ళు ట్యాంకు, కార్బరేటర్ ఖాళీ చేసి పెట్టండి. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బిపోతాయి, అవి కూడా చూసుకోండి.

చీమకుర్తి_రాయి
ఆముదం పోసుకుంటే ఈ గోలే ఉండదు. పాత రేసు బండ్లలో ఆముదం ఆయిలే పోసేవాళ్ళంట. వాసన అదుర్స్.

రొయ్యల_గుంట_ఇంజినీరు
పోసుకో. ఆముదం పెట్రోల్లో సరిగ్గా కలవదు, నిలబెడితే విడిపోతది. లోపల జిగురు పట్టి రింగులు గాడిలో ఇరుక్కుంటాయి. రేసుల్లో ప్రతి రేసుకీ ఇంజిన్ విప్పేవాళ్ళు కాబట్టి చెల్లింది. మనకి జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ రాసున్న మామూలు టూటీ ఆయిల్ చాలు.

సింగరాయకొండ_ఆర్ఎక్స్
ఎండల్లో మిక్చర్ ఇంకా లీన్ అవుతది కదా? అందుకని నేను ఎండాకాలం జెట్టు పెంచుతా.

లేత్_మస్తాన్
తిరగేసి చెప్పావు తమ్ముడూ. వేడి గాలి పలచగా ఉంటది, ఆక్సిజన్ తక్కువ. అదే జెట్టుకి మిక్చర్ రిచ్ అవుతది, అంటే గాలికి పెట్రోలు ఎక్కువైనట్టు. చలికాలం తెల్లారుజామున గాలి చిక్కగా ఉన్నప్పుడు లీన్ అవుతది. డిసెంబరులో పొద్దున్నే హైవే ఎక్కి పీకినోళ్ళ పిస్టన్లు నా దగ్గరికి ఎక్కువొస్తాయి. ఎండాకాలం వచ్చే ఇబ్బంది వేరే, ఫిన్నులకి తగిలే గాలే వేడిగా ఉంటే ఇంజిన్ చల్లబడదు. ట్రాఫిక్‌లో నిలబెట్టి ఐడిలింగు చెయ్యబాకు, అంతే.

ఒంగోలు_గిత్త_350
పెన్నా_గట్టూ, లీక్ టెస్టు చేయించావా? ఈ మాట ఇంతవరకూ ఎవరూ అనలా. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసు గాలి చొరబడకుండా ఉండాలి. ఎగ్జాస్టు, ఇన్‌టేకు రబ్బరు బిరడాలతో మూసి, సైకిల్ పంపుతో 6 పీఎస్ఐ ఎక్కించి, ఆరు నిమిషాలు నిలుస్తదా చూడాలి. దిగిపోతంటే సబ్బునీళ్ళు కొట్టు, బుడగలు వచ్చేచోట లీకు.

క్రాంకుకి కుడి సీలు క్లచ్ వైపు ఉండాది. అది పోతే గేర్ ఆయిల్ లోపలికి గుంజుకోని తెల్ల పొగ కుమ్మేస్తది, కాబట్టి తెలిసిపోతది. ఎడమ సీలు పాయింట్లు, ఆల్టర్నేటర్ వైపు. అది పోతే పొగా రాదు, వాసనా రాదు. బయట గాలి పీల్చుకోని లీన్ అయి, బండి బ్రహ్మాండంగా లాగతా ఉండంగానే పట్టేస్తది.

పెన్నా_గట్టు
ఇట్టాంటి టెస్టు ఉందనే తెలీదు. రేపు మెకానిక్‌తో మాట్లాడతా. ఆయన కొంచెం ముక్కోపి.

పొదలకూరు_నిమ్మకాయ
"చర్చా వేదికలో చెప్పారు" అని మాత్రం అనబాక. మా మెకానిక్‌కి ఆ మాట చెప్పినప్పటి నుంచీ నా బండి గేటు బయటే పెట్టిస్తన్నాడు.

పెన్నా_గట్టు
అప్‌డేట్. టెస్టు చేశాం. ప్రెషర్ చూస్తండంగానే దిగిపోయింది. సబ్బునీళ్ళు కొడితే ఎడమవైపు పాయింట్ల ప్లేటు వెనక నుంచి బుడగలు. విప్పి చూస్తే సీలు పెదవి ఒకచోట లోపలికి మడతపడుండాది, రబ్బరు కూడా గట్టిబడుండాది. ఎప్పటి స్టాకో ఏమో. కొత్తది వేసినాక ప్రెషర్ కదలకుండా నిలబడింది. మెకానిక్ ఏమీ అనలా, ఆ పంపూ బిరడాలూ మాత్రం ఆయన దగ్గరే పెట్టుకున్నాడు.

కావలి_బుల్లెట్_బాబాయి
చూశావా, వయసు మళ్ళిన సీలు. అయినా స్టార్ట్ చెయ్యకముందే దొరకడం అదృష్టం అబ్బయా.

లేత్_మస్తాన్
బోరు కొట్టినాక పోర్టు అంచులకి చాంఫర్ చేశారా అది కూడా అడుగు. బోరింగు బిట్టు పోయినాక పోర్టు అంచులు కత్తిలా ఉంటాయి. రింగు ఆ అంచుకి తగిలి విరుగుద్ది. ఎక్కువమంది మర్చిపోయే పని ఇదే. పిస్టన్ మీద బాణం గుర్తు ఎగ్జాస్టు వైపే ఉండాలి. రింగు మొనలు గాడిలోని పిన్నుల దగ్గర సరిగ్గా కూర్చోవాలి.

పెన్నా_గట్టు
చాంఫర్ ఉండాది, వేలితో తడిమి చూశా. ఇప్పుడు మొదటి స్టార్టు ఎట్టా?

లేత్_మస్తాన్
స్టార్ట్ చెయ్. అందుకున్నాక చోకు ఆపేసి, ఐడిలింగులో వదిలెయ్యకుండా కొంచెం కొంచెం రేజ్ చేస్తా ఉండు. హెడ్డు మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఎక్కినాక ఆపెయ్. పూర్తిగా చల్లారనియ్. కూలర్ ముందర పెట్టబాక, దానంతట అదే చల్లారాలి. ఇట్టా రెండు మూడు సార్లు. బాగా చల్లబడినాక హెడ్డు నట్లు టార్క్ రెంచితో ఎదురెదురుగా మళ్ళీ చూసుకో. కొత్త గాస్కెట్ నలిగి కొంచెం వదులవుద్ది.

తర్వాత రోడ్డెక్కు. డ్యూక్ తమ్ముడు చెప్పిందాంట్లో సగం తీసుకో. సగం యాక్సిలరేటర్ దాకా కాసేపు లాగించి వదులు, మళ్ళీ లాగించు. లోడు పడాలి, కానీ ఎక్కువసేపు పడకూడదు. పోతఇనుము బోరులో రింగులు సెట్ కావడానికి వెయ్యి కిలోమీటర్లు అక్కర్లా. ఒక ట్యాంకు అయిపోయేసరికి పని చాలావరకు అయిపోతది. రెండో ట్యాంకులో 6000 దాకా పో.

డ్యూక్_డొంకరోడ్డు
సగం అయినా తీసుకున్నందుకు థాంక్స్ అన్నా.

ఒంగోలు_గిత్త_350
ఇంకొకటి మర్చిపోబాక. స్పీడులో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ టక్కున పూర్తిగా మూసేసి ఇంజిన్ బ్రేకింగ్ చెయ్యబాక. ఫోర్ స్ట్రోక్ అలవాటున్నోళ్ళు అందరూ చేసే పని ఇది. మూసేస్తే పెట్రోలూ ఆగిద్ది, ఆయిలూ తగ్గిద్ది, ఇంజిన్ మాత్రం గిరగిరా తిరుగుతానే ఉంటది. క్లచ్ పట్టి దింపు. ఎడమ చేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. గొంతు మారినట్టు అనిపిస్తే చాలు, పట్టెయ్.

సింగరాయకొండ_ఆర్ఎక్స్
రోడ్డు ఏది మంచిది? హైవేనా?

ఒంగోలు_గిత్త_350
హైవే వద్దు. సాఫీగా ఒకే స్పీడులో పోవాలనిపిస్తది, లారీలు వెనకాల తరుముతాయి. కృష్ణపట్నం పోర్టు రోడ్డు అయితే అసలే వద్దు. నెల్లూరోళ్ళకి మైపాడు రోడ్డు బాగుంటది, పొద్దున్నే ఖాళీగా ఉంటది, మలుపులుంటాయి, గేర్లు మార్చక తప్పదు. మాకయితే ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్ రోడ్డు.

సింగరాయకొండ_ఆర్ఎక్స్
మేం ఉలవపాడు దాకా పోతాం. మామిడికాయల సీజన్లో ఇంజిన్ చల్లారేలోపు బుట్ట నిండుద్ది.

మార్కాపురం_పలక
గిద్దలూరు నుంచి నంద్యాల ఘాటు రోడ్డు రమ్మంటే వచ్చేస్తారా ఇక్కడికి?

లేత్_మస్తాన్
రావచ్చు, కానీ బ్రేక్-ఇన్ అయిపోయినాక. ఎక్కేటప్పుడు ఎడతెగని లోడు, దిగేటప్పుడు మూసిన యాక్సిలరేటర్. రెండూ కొత్త టూ స్ట్రోక్‌కి పడవు.

పెన్నా_గట్టు
జెట్లు రెండు సైజులు పెంచి స్టార్ట్ చేశా. వేడి చేసి చల్లార్చడాలు అయినాయి. మొదటి ట్యాంకు మైపాడు రోడ్డులో అయిపోయింది, ఎక్కడా పట్టలా. కింద కొంచెం గొంతు తడబడతంది, రిచ్ అనుకుంటా. ప్లగ్గులు తీసి చూస్తే ఎడమది కాఫీ రంగు, కుడిది దానికంటే తెల్లగా ఉండాది. ప్లగ్గులు రెండూ బీ8హెచ్ఎస్‌లే. ఇది మామూలేనా?

రొయ్యల_గుంట_ఇంజినీరు
మామూలు కాదు. రెండు ప్లగ్గులూ ఒకే రంగుండాలి. ముందు ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడు. తెలుపు ప్లగ్గుతో పాటు పోతే ప్లగ్గుదే తేడా. కుడివైపే ఉండిపోతే కుడి సిలిండర్‌దే. చానా ఏళ్ళు షెడ్డులో ఉన్నింది అన్నావు, ట్యాంకు తుప్పు కుడి కార్బరేటర్‌లోకి దిగుండొచ్చు. ఫ్లోట్ బౌల్ విప్పి చూడు.

లేత్_మస్తాన్
అదొకటి. ఇంకొకటి, రెండు కార్బరేటర్ల స్లైడులు ఒకేసారి లేస్తన్నాయా చూడు. ఫిల్టరు రబ్బరు తీసి, రెండు బోర్లలో రెండు వేళ్ళు పెట్టి యాక్సిలరేటర్ మెల్లగా తిప్పితే ఏది ముందు కదులుతందో తెలుస్తది. కేబుల్ అడ్జస్టర్‌తో సమం చెయ్. అది చేసినాక పంపు కేబుల్ కూడా చూడాలి. స్లైడులు సర్దితే పంపు గుర్తు జరుగుద్ది, దాన్ని మళ్ళీ కలపాలి. ఇవన్నీ అయ్యేదాకా సగం యాక్సిలరేటర్ దాటబాక.

పెన్నా_గట్టు
బౌల్ విప్పా. కుడి దాంట్లో అడుగున ఎర్రమట్టి లాగా తుప్పు, పైలట్ జెట్టు సగం మూసుకోనుండాది. ట్యాంకు దించేశా, కడిగిస్తన్నా. ఫిల్టరు లేకుండా పెట్రోలు పైపు పెట్టినాయన్ని మాత్రం ఏమీ అనలా, ముక్కోపి కదా.

కావలి_బుల్లెట్_బాబాయి
పది రూపాయల ఫిల్టరు నువ్వే కొని పెట్టుకో. ఆయనతో పోర్టుల పని ఇంకా మిగిలుంటది.